జడుపు తీరే దారి: పిల్లల మనోవైద్యంలో ఇ.ఎం.డి.ఆర్. సాధనాలు

చీకట్లో దేనినో చూసి బెదిరిన పిల్ల ఆ రాత్రి జ్వరంతో మూలిగితే, తెలుగువారి ఇళ్ళలో పెద్దలు "పిల్ల జడుసుకుంది" అంటారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తారు. నుదుట విభూతి పెడతారు. ఆ రాత్రి పిల్లను ఒంటరిగా పడుకోనివ్వరు. 'జడుపు జ్వరం' అన్న మాట తెలుగులో ఏనాటి నుంచో ఉన్నది. మనసుకు తగిలిన దెబ్బ ఒంట్లో బయటపడుతుందన్న సత్యం ఆ మాటలోనే ఇమిడి ఉన్నది. దిష్టి సంగతి ఎలా ఉన్నా, పెద్దలు పిల్లను దగ్గరకు తీసుకోవడం, "ఏమీ లేదమ్మా, మేమున్నాం" అని ధైర్యం చెప్పడం నిజమైన చికిత్సే. చాలా జడుపులు ఆ మాత్రంతోనే తీరిపోతాయి.

కాని కొన్ని తీరవు. నెలలు గడిచినా ఒంటినీ మనసునూ పట్టుకునే ఉంటాయి. అటువంటి జడుపులకు నేటి మనోవైద్యంలో వాడుతున్న చికిత్సలలో ఇ.ఎం.డి.ఆర్. ఒకటి. ఈ పద్ధతిని పిల్లలకూ, కౌమార వయస్కులకూ అనువుగా మలచడానికి చికిత్సకులు ఏ సాధనాలు వాడతారు, వాటి వెనుక ఉన్న తర్కం ఏమిటి, తల్లిదండ్రులు తెలుసుకోవలసినది ఏమిటి అన్నది ఈ వ్యాస విషయం.

వాన చప్పుడు

2021వ సంవత్సరం డిసెంబరులో సెలాంగోర్ రాష్ట్రాన్ని ఎడతెగని వానలు ముంచెత్తాయి. షా ఆలంలోని తామన్ శ్రీ మూడా నివాస ప్రాంతం నీట మునిగింది. ఎందరో పిల్లాపాపలతో మేడల మీదా, ఇంటి కప్పుల మీదా పడవల కోసం గంటల తరబడి ఎదురుచూశారు. అటువంటి చోట ఉన్న ఒక తొమ్మిదేళ్ళ పాపను ఊహించుకోవచ్చు. ఈ పాప ఏ ఒక్క కుటుంబానికీ చెందినది కాదు. విషయం బోధపడడానికి కల్పించిన ఉదాహరణ మాత్రమే.

ఆ రాత్రి నీరు ఒక్కొక్క మెట్టే ఎక్కి రావడం పాప చూసింది. తండ్రి నాయనమ్మను వీపున వేసుకుని మేడ మీదికి చేర్చాడు. తెల్లవారిన తరువాత పడవ వచ్చింది. అందరి ప్రాణాలూ దక్కాయి. ఇల్లు కడిగారు, గోడలకు రంగులు వేశారు, కొత్త మంచాలు కొన్నారు. ఆరు నెలలు గడిచాయి. అయినా వాన మొదలైందంటే చాలు, పాప చేతిలోని పుస్తకం మూసి మేడ మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంటుంది. రాత్రి పక్క తడుపుతుంది. పాఠాల మీద ధ్యాస లేదని బడి నుంచి కబురు వస్తుంది. ఏమైందని అడిగితే "ఏం లేదు" అంటుంది. ఇంట్లోవారు "చిన్నపిల్ల, మరచిపోతుందిలే, ఎవరూ గుర్తు చేయకండి" అనుకుంటారు.

పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మాట్లాడని పిల్ల మరచిపోయిన పిల్ల కాదు. చెప్పడానికి మాటలు లేక, లేదా చెబితే పెద్దలు బాధపడతారని, పిల్లలు లోలోపల దాచుకుంటారు. వారు నోటితో చెప్పనిది ఆటలోనూ, కలలోనూ, కడుపునొప్పిలోనూ, పక్క తడపడంలోనూ బయటపడుతుంది.

మానని జ్ఞాపకం

మామూలు అనుభవాలను మెదడు కొంతకాలానికి జీర్ణించుకుంటుంది. నిరుడు పడి మోకాలు చీరుకుపోయిన సంగతి గుర్తుంటుంది గాని, ఇప్పుడు మోకాలు మండదు. "అది అప్పుడు జరిగింది, అయిపోయింది" అన్న ముద్ర ఆ జ్ఞాపకం మీద పడుతుంది. తీవ్రమైన భయం కలిగినప్పుడు ఈ పని సరిగా సాగదు. మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అన్న భాగం ప్రమాద ఘంటికను మోగిస్తూ ఉంటుంది. జరిగినదానికి కాలాన్నీ స్థలాన్నీ జోడించి భద్రపరచడంలో ముఖ్యపాత్ర వహించే హిప్పోకాంపస్ అన్న భాగం ఆ సమయంలో తన పని సక్రమంగా చేయలేకపోతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఫలితంగా ఆనాటి దృశ్యం, చప్పుడు, వాసన, ఒంటి వణుకు విడివిడి ముక్కలుగా మిగిలిపోతాయి. వాన చప్పుడు వినబడగానే ఆ ముక్కలు లేచి వస్తాయి. పాపకు వరద గుర్తుకు రావడం కాదు, వరద మళ్ళీ జరుగుతున్నట్లే ఉంటుంది.

ఇటువంటి లక్షణాలు ఒక నెలకు మించి ఉండి, చదువుకూ ఆటకూ నిద్రకూ అడ్డుపడుతుంటే దానిని ఆఘాతానంతర మానసిక రుగ్మతగా వైద్యులు పరిశీలిస్తారు. మొదటి వారాలలో పిల్లలు జడవడం, అతుక్కుని తిరగడం సహజమే. ఇంటివారి ఆదరణతో ఎక్కువమంది తేరుకుంటారు. తేరుకోనివారికే చికిత్స అవసరమవుతుంది.

పద్ధతి పుట్టుక

ఇ.ఎం.డి.ఆర్. అనగా 'ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్'. కంటి కదలికల సాయంతో జ్ఞాపకపు వాడిని తగ్గించి, దానిని తిరిగి చక్కగా పొందుపరచడమని తెలుగులో చెప్పుకోవచ్చు. దీనికి ఆద్యురాలు అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త ఫ్రాన్సిన్ షపీరో. 1987లో ఒకనాడు ఉద్యానవనంలో నడుస్తుండగా, తనను వేధిస్తున్న ఆలోచనల తీవ్రత కళ్ళు అటూ ఇటూ కదిలినప్పుడు తగ్గడం ఆమె గమనించారు. ఆ పరిశీలనను పద్ధతిగా మలచి, 1989లో తొలి అధ్యయన ఫలితాలను ప్రచురించారు. 2019లో ఆమె మరణించేనాటికి ఈ చికిత్స ఎన్నో దేశాలకు వ్యాపించింది.

ఈ చికిత్సకు ఎనిమిది దశలు ఉన్నాయి. మొదటిది పూర్వచరిత్ర సేకరణ. రెండవది సన్నాహం. మూడవది ఏ దృశ్యం, ఏ నమ్మకం, ఎంత బాధ అన్న అంచనా. నాల్గవది బాధ తీవ్రతను తగ్గించడం. ఐదవది మంచి నమ్మకాన్ని స్థిరపరచడం. ఆరవది ఒంట్లో మిగిలిన బిగువును పరిశీలించడం. ఏడవది ఆ పూటకు ముగింపు. ఎనిమిదవది మరుసటిసారి పునఃపరిశీలన. నాలుగు, ఐదు దశలలో పిల్ల ఆ జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుంటుండగా, చికిత్సకుడు ఆమె దృష్టిని ఎడమకూ కుడికీ నడిపిస్తాడు, లేదా చేతులపై ఎడమ కుడిగా మెల్లగా తట్టుతాడు. దీనినే ఇరుపక్కల ప్రేరణ అంటారు. ఇది వశీకరణం కాదు. పిల్లకు స్పృహ ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపవచ్చు.

కళ్ళు కదిపితే బాధ ఎందుకు తగ్గాలి? దీనికి శాస్త్రజ్ఞులందరూ ఒప్పుకున్న సమాధానం లేదు. ఎక్కువ పరీక్షలకు నిలిచిన వివరణ ఒకటి ఉన్నది. మనసులో అప్పటికప్పుడు పని జరిగే జాగా ఇరుకైనది. ఒక దృశ్యాన్ని తలచుకుంటూనే కదిలే వేలిని అనుసరించవలసి వస్తే ఆ జాగా రెండు పనులకూ చాలదు. అప్పుడు దృశ్యం మసకబారుతుంది, దాని వాడి తగ్గుతుంది. తగ్గిన రూపంలోనే అది తిరిగి భద్రపడుతుంది. కంటి కదలికలు నిజంగా అవసరమా, లేక జ్ఞాపకాన్ని భద్రమైన చోట ఎదుర్కోవడమే మేలు చేస్తున్నదా అన్న వాదం చాలాకాలం నడిచింది. 2001లో వెలువడిన ఒక సమీక్ష కదలికల వల్ల అదనపు లాభం లేదన్నది. 2013లో వెలువడిన మరొకటి ఉన్నదని తేల్చింది.

పిల్లల చేతికి అందే సాధనాలు

పెద్దలకు రూపొందించిన ప్రశ్నలను పిల్లల ముందు పెడితే పని జరగదు. "నీ గురించి నీకున్న ప్రతికూల విశ్వాసమేమి?" అని తొమ్మిదేళ్ళ పాపను అడిగి ప్రయోజనం లేదు. అందుచేత ప్రతి దశకూ పిల్లల భాషలో ఒక సాధనాన్ని చికిత్సకులు ఏర్పరచుకున్నారు. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

మొదటిది, నిలుపు సైగ. చికిత్స మొదలు కాకముందే పిల్ల ఒక సైగ ఎంచుకుంటుంది. చెయ్యి ఎత్తడమో, ఎర్ర కాగితం చూపడమో ఏదైనా సరే. ఆ సైగ చేసిన క్షణాన పెద్దలు ఆగాలి. ఒకటి రెండుసార్లు సరదాగా ఆపి చూపించి నమ్మకం కలిగించాలి. జడిసిన పిల్లకు ఆ ఆపద వేళ ఏదీ తన చేతిలో లేదు. ఇప్పుడు తన చెయ్యి ఎత్తితే పెద్దవారు ఆగుతారన్న అనుభవమే చికిత్సలో తొలి మెట్టు.

రెండవది, నెమ్మది చోటు. పిల్ల తనకు హాయిగా ఉండే చోటును బొమ్మ గీస్తుంది. అది నాయనమ్మ ఒడి కావచ్చు, సముద్రపు ఒడ్డు కావచ్చు, ఎక్కడా లేని మేఘాల ఇల్లు కావచ్చు. అక్కడి రంగులు, చప్పుళ్ళు, వాసనలు అడిగి, ఆ హాయి ఒంట్లో ఎక్కడ తెలుస్తున్నదో చూపించమంటారు. మెల్లగా కొద్దిసార్లు తట్టి దానిని గట్టిపరుస్తారు. బాధ ఎక్కువైనప్పుడు పిల్ల మనసులో ఈ చోటికి తిరిగి రాగలగాలి. రాలేకపోతే బాధాకరమైన జ్ఞాపకాన్ని ముట్టుకోరాదు.

మూడవది, మూత ఉన్న డబ్బా. చికిత్స ఒక పూటలో పూర్తి కాదు. మిగిలిన భయాన్ని పిల్ల ఇంటికి మోసుకుపోకూడదు. అందుకని భయం బొమ్మను గీసి, మడిచి, ఒక డబ్బాలో పెట్టి మూత బిగించి చికిత్సకుని గదిలోనే ఉంచుతారు. దీనికి ఖరీదైన పరికరం అక్కరలేదు. మలేషియాలో ప్రతి వంటింట్లోనూ దొరికే ఖాళీ మైలో డబ్బా చాలు. పిల్ల దానికి రంగు కాగితం అంటించుకుని తనదిగా చేసుకుంటుంది.

నాల్గవది, కొలత. బాధ ఎంత ఉన్నదో పెద్దలు 0 నుంచి 10 వరకు అంకెతో చెబుతారు. ఈ కొలతను మనోవైద్యుడు జోసెఫ్ వోల్పీ ప్రవేశపెట్టాడు. చిన్నపిల్లలు అంకెకు బదులు చేతులు చాపి చూపుతారు. రెండు చేతులూ బార్లా చాపితే చాలా పెద్ద బాధ, అరచేతులు కలిపితే ఏమీ లేదు. కొందరు ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం వరకు వరుసగా గీసిన బొమ్మలపై వేలు పెడతారు. మంచి నమ్మకం ఎంత నిజమనిపిస్తున్నదో కొలవడానికి పెద్దలకు 1 నుంచి 7 వరకు ఉన్న కొలత పిల్లలకు నేల మీద ఏడు గడులుగా మారుతుంది. తొక్కుడుబిళ్ళ ఆడినట్లు పిల్ల వెళ్ళి తన గడిలో నిలబడుతుంది.

ఐదవది, లయ. చికిత్సకుని వేలిని చూస్తూ కూర్చోవడం పిల్లలకు విసుగు. అందువల్ల చేతికి తొడిగిన తోలుబొమ్మను కళ్ళతో అనుసరించడం, రెండు చేతులతో డప్పు వాయించడం, కూర్చున్న చోటనే కవాతు చేయడం, మోకాళ్ళపై ఎడమ కుడిగా తట్టించుకోవడం వంటివి వాడతారు. పెద్దలకు ఒక విడతకు సుమారు 24 కదలికలు వాడితే పిల్లలకు అంతకంటె తక్కువ చాలు. విడతకూ విడతకూ నడుమ "ఇప్పుడేం వచ్చింది?" అన్న చిన్న ప్రశ్న తప్ప ఉపన్యాసం ఉండదు. పిల్ల చెప్పినదాన్ని దిద్దరు, వ్యాఖ్యానించరు, "అదే చూస్తూ ఉండు" అని ముందుకు సాగుతారు.

ఆరవది, కథ. మాటలు రాని పసివారికీ, అయిదారేళ్ళలోపు పిల్లలకూ అమెరికన్ శిశువైద్యురాలు జోన్ లవెట్ కథా పద్ధతిని రూపొందించారు. చికిత్సకుని సాయంతో తల్లిదండ్రులే ఒక చిన్న కథ రాస్తారు. దానికి మూడు భాగాలు. ఆపదకు ముందు పిల్ల హాయిగా ఉన్న రోజు, ఆపద, ఆపద తీరి క్షేమంగా ఉన్న నేటి రోజు. తల్లి ఆ కథ చదువుతుంటే, పిల్ల ఆమె ఒడిలో ఉండగా చేతులపైనో పాదాలపైనో ఎడమ కుడిగా తట్టుతారు. కథ ఎప్పుడూ క్షేమంతో మొదలై క్షేమంతోనే ముగియాలి.

పాప చెప్పిన మాట

ఈ సాధనాలన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో చూడడానికి మళ్ళీ ఉదాహరణలోని పాప దగ్గరకు రావచ్చు. మొదటి రెండు మూడు పూటలు వరద ఊసే ఎత్తరు. సైగ, నెమ్మది చోటు, డబ్బా సిద్ధమవుతాయి. ఆ తరువాత "అన్నిటికంటె చెడ్డ ముక్క గీయగలవా?" అని అడుగుతారు. పెద్దలు మెట్లెక్కుతున్న నీటిని గీస్తుందనుకుంటారు. పాప ఇంటి గేటునూ, దాని కింద నుంచి పాకి వస్తున్న సన్నటి నీటి చారనూ గీస్తుంది. పక్కన టీవీ ముందు కూర్చున్న ఒక చిన్న బొమ్మ. "ఈ బొమ్మ తన గురించి ఏమనుకుంటున్నది?" అంటే, చాలాసేపటికి "నేనే ముందు చూశాను. చెప్పలేదు. నాయనమ్మ చచ్చిపోయేది" అంటుంది.

ఆరు నెలలుగా ఇంట్లో ఎవరికీ తెలియనిది ఇదే. వారు నీటికి భయమనుకున్నారు. పాపను తొలుస్తున్నది తప్పు తనదే అన్న నమ్మకం. ఆపద కలిగినప్పుడు పిల్లలు దానికి కారణం తామేనని తలచడం చాలా సాధారణం. "గుర్తు చేయకండి" అన్న ఇంటి కట్టడి వల్ల ఆ నమ్మకాన్ని కాదనే అవకాశం కూడా ఎవరికీ దక్కలేదు.

అప్పుడు లయ మొదలవుతుంది. కొన్ని విడతలు తట్టిన తరువాత బొమ్మ మారుతుంది. "నీళ్ళు గేటు కింద కొంచెమే ఉన్నాయి" అంటుంది. తరువాత "వీధంతా నీళ్ళే, నేను చెప్పినా ఆగేవి కావు". ఆ తరువాత "నాన్నగారు నాయనమ్మను ఎత్తుకున్నారు". చాపిన చేతులు దగ్గరవుతాయి. చివరకు "నేను చిన్నదాన్ని. నా తప్పు కాదు" అన్న మాట వస్తుంది. ఆ మాట ఎవరూ నేర్పినది కాదు. పెద్దలు వందసార్లు చెబితే ఎక్కనిది, తానుగా చేరుకుంటే నిలుస్తుంది. అన్ని సందర్భాలూ ఇంత సాఫీగా సాగుతాయని కాదు. కొందరు పిల్లలు మధ్యలో ఆగిపోతారు, కొందరికి మరి కొన్ని పూటలు పడుతుంది.

కౌమారంలో మరో మెళకువ

పదిహేను పదహారేళ్ళ వారి చేతికి తోలుబొమ్మ ఇస్తే అవమానంగా భావిస్తారు. వారికి కావలసినది గౌరవం, గోప్యత, ఎంపిక. ఎస్.పి.ఎం. పరీక్ష ముందున్న ఒక కుర్రవాడు స్నేహితుని మోటారు సైకిలు ప్రమాదాన్ని కళ్ళారా చూశాడనుకుందాం. మలేషియా రోడ్లపై ఏటా ఆరు వేలమందికి పైగా మరణిస్తున్నారు, వారిలో అధిక సంఖ్యాకులు మోటారు సైకిలు మీద వెళ్ళేవారే. కనుక ఇది అరుదైన సంగతి కాదు. ఆ కుర్రవాడు జరిగినదంతా వివరించనవసరం లేదన్నది ఇ.ఎం.డి.ఆర్.లో ఒక సౌలభ్యం. దృశ్యాన్ని మనసులో ఉంచుకుని, బాధ అంకె మాత్రం చెబితే చాలు. కన్నుల కదలిక ఇష్టపడకపోతే చెవులకు మార్చి మార్చి వినిపించే ధ్వనులు వాడవచ్చు. కొందరు మాట్లాడడానికి బదులు కాగితం మీద ఒక్క మాట రాసి చూపుతారు.

తల్లిదండ్రులకు ఏది చెబుతారు, ఏది చెప్పరు అన్నది మొదటిరోజునే ముగ్గురి ఎదుటా తేల్చుకోవాలి. ప్రాణాపాయం, ఆత్మహత్యాలోచన, ఎవరైనా హింసిస్తున్నారన్న సంగతి తప్ప మిగిలినది పిల్లవాని సొంతం. "లోపల ఏం చెప్పావు?" అని కారులో నిలదీయడం వల్ల మరుసటి పూట తలుపు మూసుకుపోతుంది.

అందరికీ ఒకేసారి

విపత్తులో వందలాది పిల్లలు దెబ్బతింటే ఒక్కొక్కరికీ విడిగా చికిత్స చేయడానికి మనుషులు చాలరు. 1997లో పౌలీన్ తుఫాను మెక్సికోలోని అకపుల్కోను ధ్వంసం చేసినప్పుడు లూసినా అర్తిగాస్, ఇగ్నాసియో హరేరో అన్న చికిత్సకులకు ఈ సమస్యే ఎదురైంది. వారి కృషి నుంచి పుట్టినదే 'సీతాకోకచిలుక కౌగిలి'. పిల్ల రెండు చేతులనూ గుండెలపై అడ్డంగా పెట్టుకుని, వేళ్ళను భుజాల వైపు ఉంచి, రెక్కలు ఆడించినట్లు ఒకదాని తరువాత ఒకటిగా మెల్లగా తట్టుకుంటుంది. పిల్లలందరూ గుంపుగా కూర్చుని బొమ్మలు గీస్తూ, తమకు తామే తట్టుకుంటూ సాగే పద్ధతి దీని నుంచే ఏర్పడింది. 2001లో గుజరాత్ భూకంపం తరువాత భారతదేశంలోనూ దీనిని బాలలతో ఉపయోగించారు.

ఏ భాషలో ఏడుస్తుంది?

మలేషియాలోని తెలుగు ఇంటి పిల్ల నాయనమ్మతో తెలుగు, బడిలో మలయ్, ఇరుగుపొరుగుతో తమిళం, ఫోనులో ఇంగ్లీషు మాట్లాడుతుంది. చికిత్స గదిలో ఇంగ్లీషులో చక్కగా జవాబులు చెప్పే పిల్ల, బాధ కలిగిన క్షణంలో మరో భాషలోకి వెళ్ళవచ్చు. మెళకువ గల చికిత్సకుడు ఆ మాటను అనువదించమని అడగడు. "నీకు ఏ భాషలో వస్తే ఆ భాషలోనే అను" అంటాడు. "తప్పు నాది" అన్న నమ్మకం తెలుగులో నాటుకుని ఉంటే, "నా తప్పు కాదు" అన్నది కూడా తెలుగులోనే పలకడం మంచిది. ఇరుపక్కల లయకు భాష అక్కరలేదు గనుక, చికిత్సకునికి తెలుగు రాకపోయినా పని జరుగుతుంది. ఇంట్లో పిల్ల వాడే ముఖ్యమైన మాటలను తల్లి ముందుగా రాసి ఇస్తే మరింత మేలు.

సాక్ష్యం, హద్దులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో విడుదల చేసిన మార్గదర్శకాలలో ఆఘాతానంతర రుగ్మత ఉన్న బాలలకూ, కౌమారులకూ, పెద్దలకూ ఇ.ఎం.డి.ఆర్.ను సూచించింది. ఆఘాతంపై కేంద్రీకరించిన ఆలోచనా ప్రవర్తనా చికిత్సను కూడా దానితో పాటే చేర్చింది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018లో కొంత జాగ్రత్తగా మాట్లాడింది. పిల్లలకు మొదట ఆలోచనా ప్రవర్తనా చికిత్సనే ఇవ్వాలని, అది ఫలించనప్పుడు 7 నుంచి 17 ఏళ్ళ వారికి ఇ.ఎం.డి.ఆర్.ను పరిశీలించాలని చెప్పింది. నెదర్లాండ్స్‌లో 8 నుంచి 18 ఏళ్ళ మధ్య వయసు గల 103 మందిపై జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే ఒక ఆపదకు గురైన పిల్లలకు ఇ.ఎం.డి.ఆర్., రాత ద్వారా సాగే మరొక చికిత్స రెండూ దాదాపు సమానంగా మేలు చేశాయి. ఇ.ఎం.డి.ఆర్.కు పట్టిన సమయం తక్కువ. కనుక ఇది ఏకైక మార్గం కాదు, మంచి మార్గాలలో ఒకటి.

హద్దులు కూడా స్పష్టంగా తెలియాలి. పిల్లకు కీడు ఇంకా జరుగుతూనే ఉంటే ముందు కావలసినది చికిత్స కాదు, రక్షణ. మలేషియాలో 2001 నాటి బాలల చట్టం ప్రకారం, పిల్ల హింసకు గురైందని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు వైద్యులు, శిశు సంరక్షకులు, కుటుంబ సభ్యులు అధికారులకు తెలియజేయవలసి ఉన్నది. మూర్ఛవ్యాధి, కంటి జబ్బు ఉన్నవారికీ, మాట మధ్యలో ఎక్కడికో వెళ్ళిపోయినట్లు స్తబ్ధులయ్యే పిల్లలకూ ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. అన్నిటికంటె ముఖ్యం, భయంకర జ్ఞాపకాన్ని తవ్వి లయ నడపడం ఇంట్లో చేయదగిన పని కాదు. తెరచిన గాయాన్ని మూయడం శిక్షణ పొందినవారికే తెలుసు. నెమ్మది చోటు బొమ్మ గీయడం, నిద్రకు ముందు సీతాకోకచిలుక కౌగిలితో ఒంటిని శాంతపరచుకోవడం, క్రమం తప్పని భోజనం, నిద్ర, ఆట వంటివి ఇంట్లో నిరపాయంగా చేయవచ్చు.

ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

మలేషియాలో బడిలోని గురు బింబింగాన్ దాన్ కౌన్సెలింగ్, లేదా దగ్గరలోని క్లినిక్ కెసిహాతన్ తొలి మెట్టు కాగలవు. అక్కడి నుంచి ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి పంపుతారు. ప్రైవేటుగా వెళ్ళేవారు మూడు ప్రశ్నలు అడగడానికి సంకోచించకూడదు. కౌన్సెలర్ అయితే 1998 నాటి కౌన్సెలర్ల చట్టం కింద నమోదు అయ్యారా? ఇ.ఎం.డి.ఆర్.లో ప్రత్యేక శిక్షణ పొందారా? పిల్లలతో పనిచేసిన అనుభవం ఉన్నదా? పిల్ల ఆపదలో ఉన్నప్పుడు తాలియాన్ కాసిహ్ వారి 15999 నంబరు రాత్రింబవళ్ళు పలుకుతుంది. మనోవ్యధకు ఆరోగ్య మంత్రిత్వ శాఖవారి తాలియాన్ హీల్ 15555 నంబరు 2022 నుంచి ఉన్నది.

ఈ మెట్టు ఎక్కడానికి చాలా కుటుంబాలను ఆపేది సిగ్గు. పేరాక్‌లోని తంజుంగ్ రంబుతాన్ దగ్గర 1911లో మానసిక ఆసుపత్రి వెలిసింది. నాటి నుంచి ఆ ఊరి పేరే ఈ దేశంలో పిచ్చికి మారుపేరుగా వెక్కిరింతలో కలిసిపోయింది. "పిల్లను అక్కడికి తీసుకుపోతున్నారట" అన్న గుసగుసకు తల్లిదండ్రులు జంకుతారు. అయితే జడిసిన పిల్ల పిచ్చిది కాదు. విరిగిన చెయ్యికి కట్టు కట్టించుకున్నవాడిని ఎవరూ వెక్కిరించరు.

దీని వెనుక మరొక పాత మౌనం ఉన్నది. 1942, 43 సంవత్సరాలలో జపాను సైన్యం మలయా తోటల నుంచి వేలాది భారతీయ కూలీలను సయాం, బర్మా రైలుమార్గం పనికి తరలించింది. వారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. ఎందరో తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవారికి, చూసినదాన్ని చెప్పుకోవడానికి చోటు గాని, వినడానికి నేర్పు ఉన్న మనిషి గాని దొరకలేదు. పళ్ళ బిగువున భరించి పిల్లలను పెంచారు. ఆ ఓర్పుకు చేతులెత్తి మొక్కవలసిందే. కాని వారు ఓర్చుకున్నారు గనుక పిల్లలూ ఓర్చుకోవాలనడం న్యాయం కాదు. ఆ తరానికి లేని సాధనాలు ఈ తరానికి ఉన్నాయి.

ఉదాహరణలోని పాప ఇంట్లో మళ్ళీ వాన కురుస్తుంది. పాప పుస్తకం మూయదు. ఒకసారి తలెత్తి కిటికీ వైపు చూసి, చేతులు గుండెలపై వేసుకుని నాలుగుసార్లు రెక్కలు ఆడిస్తుంది. నాయనమ్మ పక్కకు వచ్చి కూర్చుంటుంది. "గేటు దగ్గర నీళ్ళున్నాయా, నాయనమ్మా?" అని పాప అడుగుతుంది. ఈసారి ఆ ప్రశ్న పైకి వచ్చింది. "లేవమ్మా, పద, ఇద్దరం వెళ్ళి చూసి వద్దాం" అంటుంది నాయనమ్మ. జడుపు తీరడమంటే వాన చప్పుడు వినబడకపోవడం కాదు. అది వినబడినప్పుడు పిల్ల నోరు విప్పి అడగగలగడం, అడిగినప్పుడు పక్కన ఒక పెద్ద దిక్కు ఉండడం.